అప్‌డేట్: హోమ్ లోన్‌కి పాన్, ఆధార్‌లో ఇంటిపేర్లు వేరే ఉన్న సమస్య తీరింది

అందరికీ థ్యాంక్స్. పాన్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తగారిది, దాంట్లో అడ్రస్ ఆదోనిది, మేం ఉండేదేమో కర్నూల్లో బాడిగింట్లో, ఏం చేయాలని అడిగింటి కదా. బ్యాంకులో మ్యారేజ్ సర్టిఫికెట్ జిరాక్స్ ఇచ్చి ఒరిజినల్ చూపిస్తే పేరు సంగతి అక్కడికక్కడే తేలిపోయింది, ఆ సలహా ఇచ్చిన అక్కకి చానా థ్యాంక్స్. గెజిట్ (పేరు మార్చుకున్నట్టు ప్రభుత్వ ప్రకటన), నోటరీ అఫిడవిట్ అస్సలు అడగల్లేదు. ఇప్పటి అడ్రస్‌కి ప్రూఫ్‌గా కరెంటు బిల్లు ఓనర్ పేరుమీద ఉంది కాబట్టి పనికిరాలేదు, నా పోస్ట్‌పెయిడ్ ఫోన్ బిల్లు తీసుకున్నారు, అది 2 నెలల కంటే పాతది ఉండకూడదు, పైగా 3 నెలల్లోపల కొత్త అడ్రస్ ఎక్కిన ఆధార్ తెచ్చి ఇయ్యాల, ఇది రిజర్వ్ బ్యాంక్ కేవైసీ (కస్టమర్ గుర్తింపు, అడ్రస్ చెక్ చేసే) రూలే, బాడిగిండ్లల్లో ఉండేవాళ్లు దీన్ని మాత్రం మర్చిపోవద్దండి. ఆధార్ అప్‌డేట్‌కి పెట్టేసినాను, లోన్ శాంక్షన్ అయింది.