మొదటి పోర్టబుల్ సామిల్లు: ఇంజను ఎంతది తీసుకోవాలి, వెంట ఏమేం కొనాలి?

మొదటిదుంగ
అందరికీ నమస్కారం. సొంతంగా ఒక కోత మిషన్ పెట్టుకోవాలని ఎన్నాళ్లుగానో ఆశ. ఇప్పటికి కుదిరింది. బ్యాండ్ బ్లేడుతో (రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే రంపం), చేత్తో నెట్టుకుంటూ కోసే రకం చూస్తున్నాను. నా దగ్గరున్న దుంగలు చాలావరకు 14 నుంచి 18 అంగుళాల లావు. వేప మొద్దులు రెండు మాత్రం 26 అంగుళాల దాకా ఉన్నాయి. 9 హెచ్‌పీ తీసుకోవాలా, 14 తీసుకోవాలా, ఏకంగా 23కి వెళ్లాలా అన్న దగ్గర ఆగిపోయాను. అదనపు సామాను జాబితా చూస్తే తల తిరుగుతోంది. ట్రైలర్, విన్చ్ (తాడు చుట్టి బరువు లాగేది), బెడ్ ఎక్స్‌టెన్షన్ (దుంగను పెట్టే చట్రాన్ని పొడవు చేసేది), పదును పెట్టే మిషన్, బెరడు తీసే అటాచ్‌మెంట్, ఇంకా చాలా ఉన్నాయి. మొదటి రోజుకే కావలసినవి ఏవి, తర్వాత చూసుకోవచ్చు అనుకునేవి ఏవి? వారానికి ఒకటి రెండు రోజులే పని. తోడు మా తమ్ముడు ఉంటాడు.

చేవ
తమ్ముడూ, దుంగ లావు చూసి ఇంజను ఎంచకు. బ్లేడు ఒక్కసారికి ఎంత వెడల్పు కోయాలో అది చూడు. 26 అంగుళాల మొద్దును నాలుగు వైపులా చెక్కి చదరం చేస్తే పక్క కొలత 18 అంగుళాలకు కాస్త పైన వస్తుంది, అంతే. అంటే దూలాలకీ మామూలు పలకలకీ నీ బ్లేడు 18 అంగుళాలకు మించి కోసే పని దాదాపు ఉండదు. మొద్దును నిండు వెడల్పుతో, బెరడు అంచులతో సహా టేబుల్ పలకలుగా కోయాలనుకుంటే మాత్రం 26 అంగుళాలూ కోయాలి. అప్పుడు లెక్క వేరు.

నేను 9 హెచ్‌పీతో నాలుగేళ్లు కోశాను. మామిడి, మెత్తని చెక్కలు హాయిగా తెగేవి. టేకు కూడా తెగేది, కాకపోతే అందులో ఉండే సిలికా వల్ల బ్లేడు తొందరగా మొద్దుబారేది. కొంచెం నిదానం, అంతకుమించి ఇబ్బంది లేదు.

బెల్టుచప్పుడు
చేవ గారి అనుభవాన్ని కాదనను కానీ, నా సలహా 14కి తగ్గవద్దనే. ఎండిన చింత మొద్దు మీద నా పాత చిన్న ఇంజను పడ్డ అవస్థ ఇంకా గుర్తుంది. కోత సగానికి వచ్చేసరికి మోత బొంగురుపోయేది, బ్లేడు వేగం పడిపోయేది. రవ్వలా రాలే పొట్టు ఉన్నట్టుండి పిండిలా సన్నగా వచ్చేది. అంటే పళ్లు చెక్కను కోయడం మానేసి రుద్దుతున్నాయన్నమాట. రుద్దితే వేడి, వేడెక్కితే బ్లేడు సాగుతుంది, సాగితే కోత వంకర. ఒకదాని వెంట ఒకటిగా ఇబ్బందులన్నీ అక్కడే మొదలవుతాయి.

ఇంకో సంగతి. ఇంజను తర్వాత మార్చుకుందాంలే అనుకోవద్దు. క్లచ్, పుల్లీ, బెల్టు, రంపం తల బరువు అన్నీ ఆ ఇంజనుకు తగ్గట్టే ఉంటాయి. విన్చ్ ఎప్పుడైనా బిగించుకోవచ్చు, ఇంజను అలా కాదు. అలాగని 23 కూడా వద్దు. అది రోజంతా వెడల్పు పలకలు కోసేవాళ్లకు. వారానికి రెండు రోజుల పనికి ఆ బరువు, ఆ పెట్రోలు ఖర్చు దండగ.

చేవ
ఇంజను తర్వాత మార్చలేమన్నది నిజమే, ఒప్పుకుంటాను. 18 అంగుళాల వేప చేవ కోయాలంటే 14 ఉంటే ప్రాణానికి సుఖం. కానీ వంకర కోతకు ప్రతిసారీ ఇంజనునే తప్పు పట్టవద్దు. నేను మూడు నెలలు అదే తప్పు చేశాను. పలక రెండు చివర్లా ఒక అంగుళం, మధ్యలో అంగుళంన్నర. ముడి వచ్చిన ప్రతిచోటా బ్లేడు పైకి లేచి మళ్లీ దిగేది. ఇంజను చాలట్లేదనే అనుకున్నాను.

అసలు కారణాలు రెండు. మొదటిది బ్లేడు టెన్షన్. పొద్దున బిగించి వదిలేసేవాణ్ని. నాలుగైదు కోతలు పడ్డాక బ్లేడు వేడికి సాగి వదులవుతుంది, మళ్లీ బిగించాలని నాకు తెలియదు. రెండోది గైడ్ రోలర్, అంటే బ్లేడు ఊగకుండా పట్టి ఉంచేది. జరిపే వైపు రోలర్‌ను దుంగకు రెండంగుళాల దూరంలోకి తేవాలి. నేను సన్న దుంగకైనా లావు దుంగకైనా ఒకేచోట ఉంచేవాణ్ని. మధ్యలో ఆధారం లేని బ్లేడు ఊగక ఏం చేస్తుంది? ఈ రెండూ సరిచేసి కొత్త బ్లేడు వేశాక అదే 9 హెచ్‌పీ గీత గీసినట్టు కోసింది.

అందుకే సామానులో మొదటిది బ్లేడ్లే. కనీసం పది తీసుకో. శుభ్రమైన దుంగైతే ఒక బ్లేడు గంటో రెండు గంటలో నడుస్తుంది, బెరడులో మట్టి ఉంటే పది నిమిషాలకే పదును పోతుంది. మామూలు చెక్కకు 10 డిగ్రీల హుక్ (పన్ను ముందుకు వంగిన కోణం) ఉన్న పళ్లు, గట్టి చేవకు 7 లేదా 4 డిగ్రీలవి.

పట్టెపలక
మీరంతా ఇంజను దగ్గరే ఉండిపోయారు. దుంగను బెడ్ మీదికి ఎక్కించేది ఎవరు? 18 అంగుళాల లావు, 10 అడుగుల పొడవు దుంగ అర ఘనపు మీటరు. పచ్చిగా ఉన్న గట్టి చెక్కయితే దగ్గర దగ్గర అర టన్ను. 26 అంగుళాలదైతే టన్ను దాటుతుంది. మీరిద్దరూ ఎంత బలవంతులైనా పలుగులతో దాన్ని ఎత్తి పెట్టలేరు.

నేనూ మా ఆయనా మొదటి ఏడాది పలుగులతోనే దొర్లించాం. ఒకరోజు ర్యాంపు మీద సగం ఎక్కిన దుంగ వెనక్కి జారింది. ఆయన పక్కకు గెంతాడు కాబట్టి సరిపోయింది, పలుగు మాత్రం దుంగ కింద పడి వంగిపోయింది. ఆ వారమే చేతి విన్చ్, ర్యాంపులు, దుంగను తిప్పే కొక్కెం కర్రలు రెండు తెచ్చుకున్నాం. కొక్కెం కర్ర ఒకటి చాలదు. ఒకరు తిప్పుతుంటే రెండోవాళ్లు పట్టి ఆపాలి. దుంగ ఎక్కుతున్నప్పుడు దానికి కింది వైపు ఎవరూ నిలబడకూడదు, మీ తమ్ముడికి ఈ మాట మొదటిరోజే చెప్పండి.

దుంగ ఒక చివర లావు, ఒక చివర సన్నం ఉంటుంది కదా. సన్న చివరను ఎత్తి దుంగ నడిబొడ్డును బెడ్‌కు సమాంతరం చేయడానికి జాకీ లాంటి అమరిక ఉంటుంది. అది లేకపోయినా చెక్క ముక్కలు పెట్టి సర్దుకోవచ్చు. బెరడు తీసే అటాచ్‌మెంట్ అసలే వద్దు. గట్టి బ్రష్షుతో మట్టి దులిపి, ఇసుక పట్టిన చోట గొడ్డలితో బెరడు చెక్కేస్తే చాలు.

మొదటిదుంగ
అక్కా, ఆ బరువు లెక్క చూశాక విన్చ్ ఖాయం చేసేశాను. ట్రైలర్ సంగతేమిటి? కరెంటు మోటారు గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?

రసమట్టం
మిషన్‌ను దుంగ ఉన్న చోటికి తీసుకెళ్లే పని ఉంటేనే ట్రైలర్. ఒకేచోట పెట్టుకుంటే దానికి పెట్టే డబ్బు బెడ్ కింద గట్టి ఆధారానికి పెట్టండి. బెడ్ ఎక్కడైనా కుంగితే కుంగినంతా పలకలో కనపడుతుంది. రెండు చివర్లకీ దారం బిగించి కట్టి ప్రతి అడ్డపట్టీ దగ్గరా సందు కొలవండి. వానలు పడ్డాక నేల దిగుతుంది, మళ్లీ కొలవండి.

బ్లేడు మీద నీళ్లు చుక్కలుగా పడాలి, ధారగా కాదు. జిగురు పట్టే చెక్కయితే నీళ్లలో కాస్త గిన్నెల సబ్బు కలపండి. పని అయిపోయాక బ్లేడు టెన్షన్ వదిలేయాలి. బిగించి ఉంచేస్తే చల్లారినప్పుడు బ్లేడు కుంచించుకుని చక్రాలను, బేరింగులను లాగుతుంది, చక్రం మీది రబ్బరు బెల్టుకూ నొక్కు పడుతుంది.

ఇళ్ల పక్క పెరిగిన చెట్టయితే చేతిలో పట్టుకునే మెటల్ డిటెక్టర్ తప్పనిసరి. దుంగ కొసన నల్లటి నీలి మచ్చ కనిపిస్తే లోపల మేకు ఉందేమో అని అనుమానించండి. ఇనుమూ చెక్కలోని టానిన్ కలిస్తే ఆ రంగు వస్తుంది. కళ్లద్దాలు, చెవి మఫ్లు, చుట్టిన బ్లేడు విప్పేటప్పుడు తోలు గ్లోవ్స్ అదనపు సామాను కింద లెక్క వేయకండి. వాటితోనే మొదలుపెట్టండి.

బెల్టుచప్పుడు
కరెంటు మోటారు నా స్నేహితుడి దగ్గర ఉంది. 7.5 హెచ్‌పీ మోటారు నా 14 పెట్రోల్ ఇంజనుకు ఏమీ తీసిపోదు. లోడు పడినా అంత తొందరగా వేగం తగ్గదు. కానీ త్రీఫేజ్ కనెక్షన్ ఉండాలి. అది ఉన్నచోటే కోత, ఇక కదిలేది లేదు.

మొదటిదుంగ
ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. 14 పెట్రోల్ తీసుకున్నాను. పది బ్లేడ్లు, విన్చ్, రెండు కొక్కెం కర్రలు, డిటెక్టర్ కొన్నాను. ట్రైలర్ మానేసి కింద కాంక్రీటు దిమ్మెలు పోయించాను. నిన్న మొదటి వేప దుంగ ఎక్కించాం, 16 అంగుళాలది. డిటెక్టర్ ఒకచోట కూసింది. గొడ్డలితో చెక్కి చూస్తే రెండంగుళాల లోపల మేకు ఉంది. లాగేసి కోత మొదలుపెట్టాం. ఐదో కోతకు టెన్షన్ చూస్తే చేవ గారు చెప్పినట్టే తగ్గి ఉంది, మళ్లీ బిగించాను. పలకను మూడుచోట్ల కొలిచాం. 26 మిల్లీమీటర్లు, 26, చివర్లో 27. తమ్ముడు టేపు లాక్కుని మళ్లీ తనే కొలిచాడు.

అంగుళం మందం పట్టీలు మధ్యలో పెట్టి నీడలో పేర్చాం. పెద్ద మొద్దులు రెండింటినీ ఇంకా ముట్టుకోలేదు. పట్టెపలక అక్కా, 26 అంగుళాలదాన్ని ర్యాంపు ఎక్కించేటప్పుడు విన్చ్ తాడు ఒక్కటే చాలుతుందా, రెండోవైపు కూడా ఏదైనా కట్టాలా?

పట్టెపలక
రెండోవైపూ కట్టు తమ్ముడూ. తాడును దుంగ చుట్టూ ఒక చుట్టు తిప్పి చివరను బెడ్‌కు కట్టేస్తే విన్చ్ లాగినప్పుడు దుంగ దొర్లుకుంటూ ఎక్కుతుంది, ఈడ్చే పని ఉండదు. అయినా మూడేసి అడుగులకు ఒకసారి ఆగి ర్యాంపు మీద దుంగ వెనక అడ్డుచెక్క పెట్టుకుంటూ వెళ్లండి. ఆ మొద్దు పొడవెంత?