అప్‌డేట్: ఉద్యోగం మానకుండానే ఎంబీఏలో చేరాను

ఉద్యోగం మానేసి ఫుల్‌టైమ్ ఎంబీఏ చేయాలా, చేస్తూనే పార్ట్‌టైమ్‌లో చేరాలా అని ఆమధ్య మిమ్మల్ని అడిగాను కదా. పార్ట్‌టైమ్‌లోనే చేరాను. మీరు చెప్పినట్టే ముందు కాలేజీకి ఏఏసీఎస్‌బీ, ఈక్విస్, ఏఎంబీఏ అనే అంతర్జాతీయ బిజినెస్ స్కూల్ గుర్తింపుల్లో ఏదైనా ఉందా అని చూశాను. కాలేజీల జాబితా అక్కడే బాగా తగ్గింది. ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లో ఇప్పుడు వ్యాసం లేదు, 45 నిమిషాల సెక్షన్లు మూడే. అది కొంత టెన్షన్ తగ్గించింది.

అకౌంటింగ్ ఇంత నచ్చుతుందనుకోలేదు! లాభం కనిపిస్తున్నా చేతిలో నగదు ఎందుకు ఉండదో నగదు రాకపోకలు చూపే క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ చదివాకే అర్థమైంది. అప్పు మీద అమ్మిన సరుకు లాభంలో వెంటనే చేరుతుంది, డబ్బు మాత్రం తర్వాతెప్పుడో వస్తుంది. ఆఫీసు రిపోర్టులు ఇప్పుడు ఆ కళ్లతోనే చూస్తున్నాను.

గ్రూప్ అసైన్‌మెంట్లే కష్టం, అందరికీ కుదిరే టైమ్ దొరకదు. మేనేజర్‌కు ముందే చెప్పమన్నవాళ్లకు చాలా థ్యాంక్స్. పరీక్షల వారానికి సెలవు ఖాయమైంది.