అర్ధాయువు 24 నిమిషాలు: తొలి రేటుకు రెండు జవాబులు ఎందుకొస్తున్నాయి?

ప్రశ్న (ఇంటర్ సెకండియర్, దిల్‌సుఖ్‌నగర్):
సార్, అయోడైడ్ ఉత్ప్రేరకంతో హైడ్రోజన్ పెరాక్సైడ్ వియోగం, ప్రథమ క్రమాంకం (రేటు గాఢతకు అనులోమానుపాతంలో ఉంటుంది). తొలి గాఢత లీటరుకు 0.080 మోల్, అర్ధాయువు (గాఢత సగానికి పడే సమయం) 24 నిమిషాలు. తొలి రేటు ఎంత? 0.040ను 1440 సెకన్లతో భాగిస్తే 2.78 × 10⁻⁵ వస్తోంది. జవాబుల కీలో 3.85 × 10⁻⁵ ఉంది. గంట తర్వాత రేటు కూడా చెప్పగలరా?

జవాబు 1 (లెక్చరర్, అమీర్‌పేట):
కీ సరైనదే. నువ్వు కట్టింది ఆ 24 నిమిషాల సగటు రేటు. గాఢతతో పాటే రేటూ పడిపోతుంది కాబట్టి సగటు ఎప్పుడూ తొలి రేటు కంటే తక్కువే. ముందు రేటు స్థిరాంకం (రేటుకూ గాఢతకూ ఉండే స్థిర నిష్పత్తి) తియ్యి, 0.693ను అర్ధాయువుతో భాగించి: 0.693 ÷ 1440 = 4.81 × 10⁻⁴ సె⁻¹. దాన్ని 0.080తో గుణిస్తే కీలోని జవాబే, యూనిట్లు మోల్/లీటర్/సెకను. అర్ధాయువు గడిచేసరికి రేటు 1.93 × 10⁻⁵కు దిగుతుంది. నీ 2.78 ఈ రెండింటి మధ్యే పడింది చూడు.

గంటంటే 2.5 అర్ధాయువులు. రెండు గడిస్తే 0.020 మిగులుతుంది. మిగతా అర అర్ధాయువుకు 2 వర్గమూలం, అంటే 1.414తో భాగించాలి: 0.0141. రేటు 6.8 × 10⁻⁶. ఇక్కడే చాలామంది 0.020కీ 0.010కీ నడిమిది కదా అని 0.015 వేసేస్తారు. తగ్గుదల సరళరేఖలో సాగదు, అలా వేయకు.

జవాబు 2 (ఎమ్మెస్సీ, తార్నాక):
ఒక మెలిక ఉంది. పై రేటు పెరాక్సైడ్ తరిగే రేటు. రెండు పెరాక్సైడ్ అణువులకు ఒక్క ఆక్సిజన్ అణువే వస్తుంది, కాబట్టి ఆక్సిజన్ ఏర్పడే రేటు అడిగితే సగం, 1.93 × 10⁻⁵. కొన్ని పుస్తకాలు చర్యా రేటునే సమీకరణంలో పెరాక్సైడ్ ముందుండే గుణకం 2తో భాగించి నిర్వచిస్తాయి. అప్పుడు అర్ధాయువు 0.693ను రెండు రెట్ల రేటు స్థిరాంకంతో భాగించినది. డైనైట్రోజన్ పెంటాక్సైడ్ లెక్కల్లోనూ ఇదే చిక్కు.

ప్రశ్న వేసినవారు:
థాంక్యూ సార్. ల్యాబులో ఇది ప్రథమ క్రమాంకమేనని ఎలా తేల్చాలి?

జవాబు 3 (ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్, ఉప్పల్):
రెండో అర్ధాయువు కొలవండి. 0.040 నుంచి 0.020కి మళ్లీ 24 నిమిషాలే పడితే ప్రథమం. 48 అయితే ద్వితీయం, 12 అయితే శూన్య క్రమాంకం. అయోడైడ్ ఉన్నచోట పర్మాంగనేట్ టైట్రేషన్ వద్దు, అది అయోడైడ్‌నూ ఆక్సీకరిస్తుంది. ఆక్సిజన్‌ను గ్యాస్ బ్యూరెట్‌లో (వాయువు ఘనపరిమాణం కొలిచే గాజు గొట్టం) పట్టండి. ద్రావణాన్ని ఆపకుండా కలపాలి, లేకపోతే వాయువు ద్రావణంలోనే చిక్కుకుని మొదటి రీడింగులు తక్కువగా వస్తాయి. వాటర్ బాత్ తప్పనిసరి: ఈ చర్యకు 10 డిగ్రీలు పెరిగితే అర్ధాయువు దాదాపు సగానికి పడుతుంది, మే నెలలో ఇక్కడ పొద్దుటి రీడింగులూ మధ్యాహ్నం రీడింగులూ కలవవు. పొటాషియం అయోడైడ్ గాఢత రెట్టింపు చేసినా అర్ధాయువు సగమే, ఎందుకంటే ఆ రేటు స్థిరాంకంలో అయోడైడ్ గాఢత కలిసే ఉంటుంది. రికార్డులో ఉష్ణోగ్రత, పొటాషియం అయోడైడ్ గాఢత రెండూ రాయండి.