ఉత్తరం కిటికీ ఉన్న హాలుకు క్రీమ్ పసుపు వేయొచ్చా?

మూడో అంతస్తు:
కూకట్‌పల్లిలో ఫ్లాటు. హాలుకున్నది ఒకే కిటికీ, అదీ ఉత్తరం వైపు. నేల ఐవరీ టైల్స్, తలుపులు టేకు. అమ్మ క్రీమ్ పసుపే వేయమంటోంది, తమ్ముడు తెలుపు తప్ప ఏదీ వద్దంటున్నాడు. సోమవారం పెయింటరు వస్తాడు. ఏది వేయించమంటారు?

తెల్లగోడ:
తెలుపే వేయించండి. మేం అద్దెకున్న ఇంట్లో నాలుగు గోడలకూ ఈ పసుపే. పగలు పర్వాలేదు గానీ, రాత్రి లైటు వేస్తే ఆకుపచ్చ జీర కనిపించేది. పైగా మీ ఐవరీ టైల్స్‌తో గోడా నేలా కలిసిపోయి హాలంతా ఒకే ముద్దలా ఉంటుంది.

రంగుల మేస్త్రి:
తెల్లగోడ గారూ, ఆ జీర రంగుది కాదండీ, లైటుది. 6500 కెల్విన్ (లైటు రంగును కొలిచే లెక్క) తెల్ల లైటులో నీలం పాలు ఎక్కువ. అది పసుపు గోడ మీద పడితే ఆకుపచ్చ జీర వస్తుంది. అదే గోడ మీద 3000 కెల్విన్ వార్మ్ వైట్ లైటు వేసి చూడండి, వెన్న రంగులో వెచ్చగా ఉంటుంది.

ఉత్తరం కిటికీలోంచి ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండ నేరుగా పడదు, ఆకాశం వెలుగే వస్తుంది. అందులోనూ నీలం ఎక్కువే. అందుకే అలాంటి గదిలో తెల్లగోడ మిట్టమధ్యాహ్నం కూడా బూడిద రంగుకు తిరుగుతుంది. క్రీమ్ పసుపు అసలు ఇలాంటి హాలుకే కావాలి. అమ్మగారి మాట వినండి.

చిక్కంతా షేడ్ ఎంచుకోవడంలో వస్తుంది. కార్డు మీద అగ్గిపెట్టెంత ముక్క చూసి ఖాయం చేసేస్తారు. నాలుగు గోడలకూ వేశాక ఒక గోడ వెలుగు ఇంకో గోడ మీద పడి రంగు చిక్కబడుతుంది. నచ్చినదానికంటే రెండు మెట్లు లేతది తీసుకోండి. సీలింగ్ తెలుపే ఉంచండి.

తెల్లగోడ:
లైటు సంగతి ఒప్పుకుంటాను. టైల్స్ మాట ఎత్తలేదేం?

రంగుల మేస్త్రి:
అక్కడ మీదే సబబు. కడప బండలున్న పాత ఇళ్ళలో ఈ బాధ లేదు, నల్లటి నేల మీద క్రీమ్ గోడ నిండుగా ఉంటుంది. ఐవరీ నేలకు స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ) కూడా ఐవరీయే అయితే మాత్రం గోడ ఎక్కడ మొదలైందో తెలియదు. టేకు తలుపులకు దగ్గరగా ఉండే గోధుమ రంగు స్కర్టింగ్ పెట్టిస్తే ఆ గీత కుదురుతుంది.

మూడో అంతస్తు:
మాది ఐవరీ స్కర్టింగే, అన్నా. ఇప్పుడు పీకించే బడ్జెట్ లేదు.

రంగుల మేస్త్రి:
అయితే ముందు శాంపిల్ వేయించండి. ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) మీద రెండడుగుల చదరం, రెండు కోట్లు, కింద స్కర్టింగ్‌కు ఆనించి. కిటికీ ఉన్న గోడ మీద ఒకటి, ఎదుటి గోడ మీద ఒకటి. తడి మీద చూసి తేల్చొద్దు, ఆరాక రంగు మారుతుంది.

తెల్లగోడ:
పక్కనే తెలుపు చదరం కూడా వేయించండి. ఉదయం ఒకసారి, రాత్రి లైట్లు వేసి ఒకసారి అమ్మగారికీ తమ్ముడికీ చూపించండి. నా ఓటు ఇప్పటికీ తెలుపుకే.

మూడో అంతస్తు:
సరే, పెయింటరును శనివారమే రమ్మంటాను. వార్మ్ వైట్ బల్బు ఇవాళే తెస్తాను.