రష్ అవర్లో స్టేషన్ గేట్లు మూసేయడం కరెక్టేనా? లండన్ వాళ్ళు చెప్పండి

కిటికీసీటు:
నిన్న సాయంత్రం ఆరింటికి ఆఫీసు నుంచి వచ్చేసరికి ట్యూబ్ (భూగర్భ మెట్రో) స్టేషన్ షట్టర్ సగం దించేసి ఉంది. ఏ స్టేషనో చెప్పను గానీ సెంట్రల్ లండనే. బయట వందల మంది, పైన వాన, ఇరవై నిమిషాలు నిలబెట్టారు. తీరా లోపలికెళ్ళి చూస్తే టికెట్ హాలు ఖాళీ, ఎస్కలేటర్ ఖాళీ! లోపల అంత చోటు పెట్టుకుని జనాన్ని తడపడం ఏంటండీ. రైళ్ళు పెంచాలి గానీ ఇలా వీధిలో నిలబెట్టడం చేతకానితనం అంటాను నేను.

నైట్‌షిఫ్ట్‌నాయుడు:
హాలు ఖాళీగా ఉంచడానికే కదా బ్రో ఆపింది. ప్లాట్‌ఫాం నిండిపోయాక గేటు మూస్తే ఏం లాభం, అప్పటికే ఎస్కలేటర్ మీద ఉన్నోళ్ళంతా కిందకి దిగుతూనే ఉంటారు, అది ఆగదు, కింద కాలు పెట్టే చోటు లేకపోతే ముందున్నోళ్ళ మీద పడతారు, వాళ్ళు పసుపు గీత దాటి పట్టాల వైపు జరుగుతారు. 1943 మార్చి 3న బెత్నల్ గ్రీన్ స్టేషన్లో ఏమైందో తెలుసా? యుద్ధం రోజులు, స్టేషన్ని షెల్టర్‌గా వాడేవాళ్ళు, ఆ రాత్రి అక్కడ బాంబు ఒక్కటీ పడలేదు, చీకట్లో తడి మెట్ల మీద ఎవరో తూలి పడ్డారు, ఆ సంగతి వెనక నుంచి వచ్చేవాళ్ళకి తెలీదు, తోసుకుంటూ వస్తూనే ఉన్నారు. 173 మంది పోయారు. నన్నడిగితే వానలో ఇరవై నిమిషాలు చాలా చవక.

రైళ్ళు పెంచమంటావా, విక్టోరియా లైన్లో 2017 నుంచి పీక్‌లో గంటకి 36 తిప్పుతున్నారు, అంటే 100 సెకన్లకో రైలు. ప్లాట్‌ఫాం కిక్కిరిస్తే దిగేవాళ్ళని దిగనివ్వరు, ప్రతి రైలుకీ తలుపుల దగ్గర ఓ 15 సెకన్లు అదనంగా పోయాయనుకో, లెక్కేస్కో, గంటకి 31 మించి కష్టం. రష్ పెరిగేకొద్దీ రైళ్ళే తగ్గుతాయి.

పెసరట్టు_ఈస్ట్‌హామ్:
నాయుడు గారూ లోపలికొచ్చేవాళ్ళ గురించే చెప్తున్నారు, దిగినవాళ్ళని తొందరగా బయటికి పంపే సంగతో? 2015లో హోల్‌బర్న్‌లో మూడు వారాలు ఒక ప్రయోగం చేశారు, పైకెళ్ళే ఎస్కలేటర్ మీద ఎవరూ నడవొద్దు, రెండు వైపులా నిలబడండి అని. పొద్దున రష్‌లో గంటకి 2,500 మంది ఎక్కే ఎస్కలేటర్ మీద 3,250 మంది దాకా వెళ్ళారు! ఇక్కడ మామూలుగా కుడి పక్క నిలబడాలి, ఎడమ పక్క నడిచేవాళ్ళకి వదలాలి. అంత ఎత్తు నడిచి ఎక్కేవాళ్ళు తక్కువ, అందుకని ఎడమ పక్క సగం ఖాళీగా పోతుంటే కుడి పక్క క్యూ ప్లాట్‌ఫాం దాకా ఉంటుంది. కొత్త మెషీన్ అక్కర్లేదు, సొరంగం తవ్వక్కర్లేదు.

కిటికీసీటు:
అంటే నేను నడిచి ఎక్కితే తప్పా ఇప్పుడు? నాకు లేట్ అవుతుంది కదండీ.

పెసరట్టు_ఈస్ట్‌హామ్:
నీ ఒక్కడికీ లేటే, కాదనను. కింద క్యూలో ఉన్న మిగతా వాళ్ళు మాత్రం ముందే బయటపడతారు. క్యూ లేని టైంలో నడువు, ఎవరొద్దన్నారు. 2016లో ఆర్నెల్లు మళ్ళీ చేశారు, మెట్ల మీద పాదాల గుర్తులు కూడా అతికించారు, అయినా జనం గొణిగారు, చివరికి పాత పద్ధతే. మనోళ్ళే అనుకున్నా, తెల్లోళ్ళకీ లైను వదలడం ఇష్టముండదు 😄

అమీర్‌పేట్_రిటర్న్స్:
హైదరాబాద్‌లో మెట్రో అంతా పిల్లర్ల మీదే కాబట్టి ఈ సొరంగం భయం లేదు గానీ సాయంత్రం అమీర్‌పేటలో మూడు బోగీల రైలు ఎక్కి చూడండి, దిగాల్సిన చోట దిగడం మన చేతిలో ఉండదు. ఢిల్లీలో ఇంకో టైపు. డిసెంబర్ 31 రాత్రి రాజీవ్ చౌక్ స్టేషన్లో బయటికి రానివ్వరు, లోపలికి మాత్రం చివరి రైలు దాకా రానిస్తారు, కన్నాట్ ప్లేస్‌లో జనం పోగవకుండా. ముందే అనౌన్స్ చేస్తారు కాబట్టి జనం వేరే ప్లాన్ చేసుకుంటారు. ఇక్కడ వానలో నిలబడ్డాక చెప్తే ఎవరికైనా మండుద్ది.

కిటికీసీటు:
హమ్మయ్య, నా బాధ ఒకళ్ళకి అర్థమైంది. గేటు దగ్గర ఆపితే ఆపారు, సరే, నాయుడు గారి లెక్క ఒప్పుకుంటా. ఎంతసేపో చెప్పరేం? బోర్డు మీద ఒక ముక్క రాస్తే పక్క స్టేషన్‌కి నడిచిపోతాను కదా.

నైట్‌షిఫ్ట్‌నాయుడు:
అది నిజమే, చెప్పాలి. అయితే ఎంతసేపో వాళ్ళకీ తెలీదు, రెండు రైళ్ళు వచ్చి ప్లాట్‌ఫాం తేలికైతే తెరుస్తారు, వెనక రైలు లేటైతే మళ్ళీ మూస్తారు. "పది నిమిషాలు" అని రాసి పదిహేను చేస్తే నువ్వే ఇంకో పోస్ట్ పెడతావ్.

గోదారిగట్టు:
నడిచిపోవడమే బెస్ట్ తమ్ముడూ, సెంటర్లో స్టేషన్లు అంత దగ్గర. లెస్టర్ స్క్వేర్ నుంచి కవెంట్ గార్డెన్‌కి రైల్లో మూడొందల మీటర్లు కూడా ఉండదు. కాకపోతే అక్కడ లిఫ్టుల దగ్గర క్యూ చూసి మెట్లెక్కుదామని మాత్రం అనుకోకు, 193 ఉన్నాయి, గుండ్రంగా తిరుగుతూ. మా మామయ్యని ఎక్కించాను ఒకసారి, ఇప్పటికీ పెళ్ళిళ్ళలో అందరికీ చెప్తాడు.