పక్షవాతం: ర్యాలీలు ముందా, రాత్రిపూట స్కాను ముందా?

కరకట్ట:
అక్టోబరు 29 ప్రపంచ పక్షవాత దినం. మా పట్టణంలో ర్యాలీ జరిగింది. నర్సింగ్ విద్యార్థినులు ఎండలో బ్యానరు పట్టుకుని నడిచారు. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని దాని మీద రాసి ఉంది. ఆ పిల్లల మీద కాదు గానీ, ఆ బ్యానరు మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

మా నాన్నకు మార్చిలో వచ్చింది. రాత్రి తొమ్మిదింపావుకు అన్నం తింటుంటే చేతిలో ముద్ద జారిపోయింది. మా అమ్మ పెద్దగా చదువుకోలేదు. టీవీలో చూసిన గుర్తుతో ఆయన్ను నవ్వమంది, రెండు చేతులూ ఎత్తమంది. మూతి ఒక పక్కకే వెళ్లింది, కుడిచెయ్యి లేవలేదు. తొమ్మిది యాభైకి ఆసుపత్రిలో ఉన్నాం. అంటే అవగాహనలో మాకు నూటికి నూరు మార్కులు. అక్కడ స్కాను యంత్రం ఉంది, రాత్రిపూట దాన్ని నడిపే మనిషి లేడు. పొద్దున్నే వస్తాడన్నారు. ఇంకో చోటికి పరుగెత్తాం. స్కాను తీశారు, గడ్డ కరిగించే ఇంజెక్షను తమ దగ్గర లేదన్నారు. నగరం చేరేసరికి రెండున్నర. ‘నాలుగున్నర గంటలు దాటింది, ఇక ఇవ్వలేం’ అన్నారు.

ఇప్పుడు నాన్న చొక్కా గుండీ పెట్టుకోలేరు. నిమిషానికి 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని ర్యాలీలో పంచిన కరపత్రంలో ఉంది. అయిదుంపావు గంటలకు ఎంతో లెక్క వేయడం నాకు ఇష్టం లేదు. వైద్యం లేని చోట ఈ అవగాహన ఎందుకు? ర్యాలీలు మానేసి ఆ డబ్బుతో రాత్రిపూట స్కాను నడిపే మనిషికి జీతం ఇవ్వమనడం తప్పా?

పాతవార్డు:
బాబూ, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. ముప్పై ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేశాను. అంత త్వరగా తీసుకొచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

మిగిలినవాళ్లు ఎలా వస్తారో వినండి. తెల్లవారి లేచేసరికి చెయ్యి రావడం లేదు. పడుకున్న తీరు బాగాలేదేమోనని నూనె రాస్తారు. మధ్యాహ్నానికి ఆర్.ఎం.పి. డాక్టరు వచ్చి సెలైను పెడతాడు. సాయంత్రం ఎవరో పసరు పోసే ఊరు చెబుతారు. పావురం రక్తం ఒళ్లంతా పూసి మూడో రోజు తీసుకొచ్చిన పెద్దాయన ఒకరున్నారు. నేనే తడిగుడ్డతో తుడిచాను. పూసిన కొడుకు మూర్ఖుడు కాదు, డిగ్రీ చదివినవాడు. తండ్రి కోసం పావురాల వెంట ఊళ్లు తిరిగాడు. ఆ తిరుగుడు మా వైపు తిరిగి ఉంటే ఎంత బాగుండేది! స్కాను గది ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉన్నా మూడో రోజు వచ్చినవారికి ఆ ఇంజెక్షను ఇవ్వలేరు కదా. ర్యాలీ ఆపమని మాత్రం అనకండి.

సైరను:
కొన్నేళ్లు అంబులెన్సులో పనిచేశాను. ‘వెంటనే ఆసుపత్రికి’ అంటారు. ఏ ఆసుపత్రికి? మాకు తెలిసింది దగ్గరలోని ఆసుపత్రి. అక్కడ దించితే మా పని అయిపోయినట్టే. అరగంట ఎక్కువ ప్రయాణమైనా ఇంజెక్షను ఇచ్చే చోటికి నేరుగా వెళ్లి ఉంటే బాగుండేదని తర్వాత తెలిసేది. ఏ రాత్రి ఎక్కడ ఏముందో మాకు చెప్పేవారెవరూ లేరు. బ్యానరు మీద అది రాయండి ముందు.

డ్యూటీగది:
కరకట్ట గారూ, మీరు రెండోసారి వెళ్లిన ఆసుపత్రి లాంటి చోట రాత్రి డ్యూటీలో కూర్చున్న డాక్టరును నేను. నన్ను తిట్టినా ఫర్వాలేదు, లోపలి సంగతి వినండి.

పక్షవాతం కొందరికి మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వస్తుంది, కొందరికి నాళం చిట్లి వస్తుంది. మనిషిని చూసి ఏదో చెప్పడం ఎంతటి అనుభవజ్ఞుడికైనా నమ్మకంగా సాధ్యం కాదు. సి.టి. స్కాను తీయాల్సిందే. నాళం చిట్లినవారికి గడ్డ కరిగించే మందు ఇస్తే చేజేతులా చంపినట్టు. అందుకే గుండెపోటుకు విన్న చిట్కాను ఇక్కడ వాడి ఇంట్లోనే ఆస్ప్రిన్ వేయకండి. నీళ్లు కూడా పట్టకండి, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వేళ్లకు సూది గుచ్చి రక్తం తీయమని వాట్సాప్‌లో ఏళ్లుగా తిరుగుతున్న సందేశాన్ని నమ్మి, పది వేళ్లూ పొడిపించుకుని వచ్చినవారిని నేను చూశాను.

గడ్డ కరిగించే ఆల్టెప్లేజ్ మందును నిలబెట్టిన 1995 నాటి అమెరికా అధ్యయనం సంగతి చూడండి. మందు తీసుకున్నవారిలో 6.4 శాతం మందికి మెదడులో రక్తస్రావమై పరిస్థితి విషమించింది, తీసుకోనివారిలో అది 0.6 శాతమే. అయినా మూడు నెలల తర్వాత చూస్తే, దాదాపు మామూలు మనుషులైనవారు మందు తీసుకున్నవారిలోనే ఎక్కువ. కాబట్టి ఇవ్వడమే న్యాయం. కానీ రాత్రి పదకొండింటికి, నరాల డాక్టరు లేని చోట, తలుపు బయట పాతికమంది బంధువులు నిలబడి ఉంటే ఆ 6.4 శాతమే కళ్ల ముందు ఆడుతుంది. ఇంజెక్షను ఫ్రిజ్‌లో ఉన్నా చెయ్యి ముందుకు రాదు. ‘లేదు’ అని పెద్దాసుపత్రికి పంపేయడం మాకు సులువు. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

దీనికి మందు ధైర్యం కాదు, అవతల ఫోనెత్తే నిపుణుడు. హిమాచల్ ప్రదేశ్‌లో 2014లో మొదలుపెట్టింది అదే. జిల్లా ఆసుపత్రుల్లోని మామూలు డాక్టర్లు స్కాను ఫోటోలను ఫోనులో సిమ్లా, టాండా వైద్య కళాశాలల నరాల నిపుణులకు పంపేవారు. వాళ్లు సరేనంటే అక్కడికక్కడే మందు ఎక్కించేవారు. రోగి మీద ఖర్చు పడలేదు. అంత కొండదారుల్లో సాధ్యమైనది మన మైదానాల్లో ఎందుకు కాదు?

లెక్కలమాస్టారు:
అవగాహనను అంతగా నమ్మేవారి కోసం ఒక చేదు లెక్క. ఒకసారి పక్షవాతం వచ్చినవారికి మళ్లీ రాకుండా ఫోను సందేశాలు, వీడియోలు, ఒక పుస్తకం ఇచ్చి బోధిస్తే ఏమవుతుందని మన దేశంలోనే పెద్ద అధ్యయనం జరిగింది. పేరు స్ప్రింట్ ఇండియా. 31 కేంద్రాలు, 12 భాషలు, నాలుగు వేల మందికి పైగా రోగులు. ఫలితం 2023లో వచ్చింది. ఏడాదిలో మళ్లీ పక్షవాతం, గుండెపోటు వంటివి వచ్చినవారి సంఖ్య బోధన విన్నవారిలో తగ్గలేదు. ప్రయోజనం కనిపించడం లేదని అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. నాలుగు వేల మందికి చెప్పినా తగ్గనిది నాలుగు వీధుల ర్యాలీతో తగ్గుతుందా? కరకట్ట గారిదే సరైన మాట.

పాతవార్డు:
మాస్టారూ, మీ లెక్క నిజమే కావచ్చు, కానీ అది ఈ లెక్క కాదు. వాళ్లు అప్పటికే ఆసుపత్రి చూసినవాళ్లు, అక్కడి ప్రశ్న జబ్బు మళ్లీ వస్తుందా అనేది. మన ప్రశ్న, మొదటిసారి వచ్చినప్పుడు గుర్తుపట్టి ఎంత త్వరగా తెస్తారనేది. ఇంగ్లండులో 2009లో తలలో మంట అంటుకుని పాకుతున్నట్టు టీవీలో ఒక ప్రకటన వేశారు. పక్షవాత లక్షణాలతో అంబులెన్సును పిలిచేవారు పెరిగారు. అయితే పిలిస్తే వచ్చే అంబులెన్సూ, చేరితే స్కాను తీసే ఆసుపత్రీ వాళ్లకు ముందే ఉన్నాయి. అది కరకట్ట బాబు వైపు మాటే, ఒప్పుకుంటున్నాను.

ఇంజెక్షను ఒక్కదాని చుట్టూనే తిరుగుతున్నారు మీరంతా. ఆలస్యంగా వచ్చినవారికీ మేలు చేసేది పక్షవాతానికంటూ ఒక వార్డు. మింగగలరో లేదో పరీక్షించాకే ముద్ద పెట్టడం, పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం, త్వరగా కూర్చోబెట్టడం, ఫిజియోథెరపీ. ఇలాంటి వార్డుల్లో చావులూ, మంచాన పడడమూ తగ్గుతాయని ఎన్నో అధ్యయనాలు తేల్చాయి. దీనికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు, చాలినంతమంది నర్సులు కావాలి. మా వార్డులో రాత్రి నలభై మంది రోగులకు ఇద్దరం ఉండేవాళ్లం.

ఉప్పుడబ్బా:
అందరూ పడిపోయాక ఏం చేయాలో చెబుతున్నారు. మా ఇంట్లో ముగ్గురికి బీపీ. తల తిరగడం లేదని ఇద్దరు బిళ్లలు మానేశారు. ఊరగాయ మాత్రం మానలేదు. రోజూ వేసుకునే ఆ బిళ్లతో ఆగే పక్షవాతాలెన్నో! దాని గురించి ఏ బ్యానరూ లేదు.

లెక్కలమాస్టారు:
ఉప్పుడబ్బా గారూ, స్ప్రింట్‌లో బోధన విన్నవారు మందులు కాస్త క్రమంగా వేసుకున్నారు కూడా. ఆ మాట నేను ముందు రాయకపోవడం నా తప్పు. ఏడాది చాలలేదేమో మరి. అయినా ర్యాలీలపై నా అభిప్రాయం మారలేదు.

కరకట్ట:
పాతవార్డు గారూ, పావురం సంగతి చదివాక ర్యాలీలు ఆపాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. డ్యూటీగది గారూ, మిమ్మల్ని తిట్టాలని కూర్చున్నాను, చేతకాలేదు. ఆ రాత్రి ఆ డాక్టరు నా ముఖం చూడకుండా కాగితం రాసిచ్చారు. ఎందుకో ఇప్పుడు అర్థమవుతోంది. క్షమించానని మాత్రం అనలేను.

సైరను గారి మాట పట్టుకుని ఈ రోజు ఒక పని చేశాను. గంటన్నర ప్రయాణంలో ఉన్న ఆరు ఆసుపత్రులకు ఫోను చేసి రెండే అడిగాను. రాత్రి రెండింటికి స్కాను తీస్తారా? గడ్డ కరిగించే ఇంజెక్షను ఇస్తారా? ఇద్దరు ‘రోగి ఎవరు, ముందు తీసుకురండి’ అన్నారు. ఒకరు విసుక్కుని పెట్టేశారు. ఒకచోట స్కాను ఉంది, మందు లేదు. ఒకచోట పగలు మాత్రమేనట. ఒక్కచోట రెండూ ఉన్నాయని చెప్పారు. మా ఇంటి నుంచి యాభై నిమిషాలు. ఆ రాత్రి మేం దాని ముందు నుంచే వెళ్లాం.

అమ్మ ఆ నంబరును వంటింటి క్యాలెండరు మీద పెద్ద అంకెలతో రాసింది. పక్కింటివాళ్లు ఫోటో తీసుకున్నారు.

సైరను:
మంచి పని. ఆ నంబరుకు ఈ రాత్రి రెండింటికి ఇంకోసారి చేయండి. పగలు ఎత్తినవాళ్లు రాత్రి ఎత్తుతారో లేదో తెలియాలి.