ఫిబ్రవరి దాటినంక గుట్టలు, అడవి: నెగడు, పొయ్యి, కాలిన బాట (చర్చ)

గుట్టబాట: పన్నెండు మందిమి, ఫిబ్రవరి ఆఖర్ల మూడు రోజుల తిరుగుడు. మొదటి రోజు రాచకొండ. రెండో రోజు దేవరకొండ కోట, రాత్రి అక్కడే ఎక్కడన్న డేరాలు. మూడో రోజు మన్ననూరు మీంచి ఫర్హాబాద్ వ్యూ పాయింట్, మల్లెలతీర్థం. గుట్టలు అక్కడక్కడ నల్లగ కాలి ఉన్నయని ఫొటోలు వస్తున్నయి. మూడు సంగతులు కావాలె. కట్టెల మీద వండుకోవచ్చా? ఎక్కడ కాలిందో, ఎక్కడ ఇంకా కాలుతున్నదో ముందే ఎట్ల తెలుస్తది? నడుస్తుంటే మంట ఎదురైతే ఏం చెయ్యాలె?

తునికాకు: మూడో రోజు సంగతి ముందు చెప్త, ఎందుకంటే అది అన్నిటికన్న కచ్చితమైనది. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌ల సొంత డేరా వెయ్యడమే లేదు. అటవీశాఖ కాటేజీలు బుక్ చేసుకోవాలె, లేదంటే పొద్దున పోయి పొద్దుగూకే లోపల బయటికి రావాలె. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాక గేటు వేస్తరు, దాన్ని లెక్కల పెట్టుకోండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972ల 30వ సెక్షన్ ఒక్కటి చదువుకోండి. అభయారణ్యానికి ముప్పు వచ్చేటట్టు నిప్పు పెట్టినా, నిప్పు రాజేసినా, మండుతున్నదాన్ని వదిలేసినా నేరమే. ‘చాయ్ కోసమే’ అన్న మాట అక్కడ నడవదు.

ఇగ ఇక్కడ మంటలు ఎందుకు వస్తయంటే, మెరుపుతోని కాదు. దాదాపు అన్నీ మనుషుల చేతి పనే. ఫిబ్రవరిల తునికి (బీడీ ఆకు చెట్టు) కొమ్మకొట్టుడు మొదలయ్యే ముందు లేత చిగురు మస్తుగ వస్తదని కొందరు నేలకు అగ్గి పెడతరు. మార్చిల ఇప్పపువ్వు రాలేటప్పుడు ఏరుకునేటందుకు చెట్టు కింద ఆకు కాలుస్తరు. పశువులకు పచ్చగడ్డి మొలవాలని ఎండిన బోద గడ్డి కాలుస్తరు. తేనె తీసేటోళ్ల కాగడా, రోడ్డు పక్కన ఆరని బీడీ, దేవుని దగ్గర ఆర్పకుంట వదిలిన పొయ్యి. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర పడేది సరిగ్గ అడవి అంతా ఎండి గలగలమనే రోజులల్లనే, అందుకే అప్పుడు కాపలా ఎక్కువ పెడతరు.

ఇంకోటి. రోడ్డుకు రెండు దిక్కుల సమానంగ, గీత గీసినట్టు నల్లగ కాలి ఉంటే అది కార్చిచ్చు అనుకోకండి. ఎండలు ముదరక ముందే శాఖోళ్లు కావాలని కాల్చిన ఫైర్ లైన్ అది. ఆకు లేని పట్టీ ఉంటే మంట రోడ్డు దాటుడు కష్టం. ఫొటోలు చూసి బెదిరేటోళ్లు సగం మంది దీన్నే చూసి బెదురుతరు.

బండరాయి: రాచకొండల, దేవరకొండల, భువనగిరి బండ మీద ఎక్కడైనా సరే, బండకు ఆనించి మంట పెట్టకండి. మన గ్రానైట్ పైపొర వేడెక్కి ఉబ్బుతది, లోపలిది చల్లగనే ఉంటది, ఆ తేడాకు పైపొర పెచ్చుగ లేస్తది. రాళ్లు కొట్టేటోళ్లు పూర్వం పలకలు లేపేటందుకు బండ మీద మంట పెట్టింది ఈ గుణం తెలిసే. పొయ్యి దగ్గర కూసున్నప్పుడు టప్పున పెచ్చు ఎగిరి మొఖానికి తగలొచ్చు. తాడు కట్టి ఎక్కే దారులల్ల అయితే చేతిపట్టు ఉన్న అంచే ఊడిపోతది, మసి మరక ఏండ్లకేండ్లు పోదు. కోట గోడల నీడకు వండడం కూడ ఇదే తప్పు, రాళ్ల మధ్య సున్నం పొడి అయితది.

వాగు ఒడ్డు: మరీ ఇంత భయం అక్కర్లేదేమో. చుట్టూ రాళ్లు పేర్చి, గాలి తగ్గినంక చిన్న నెగడు పెట్టుకుంటే ఏమైతది? పడుకునే ముందు మట్టి కప్పితే అయిపాయె కదా.

తునికాకు: అన్నా, మట్టి కప్పుడే అసలు ముప్పు. మట్టి కింద బొగ్గు చావదు, కుమ్ములెక్క కాలుతనే ఉంటది. ఎండిన వేరు ఒకటి అందుకున్నదంటే లోపల్లోపలే పాకి, రెండో రోజు మధ్యాహ్నం గాలి లేచినప్పుడు దూరంగ బయటికి వస్తది. అప్పటికి మీరు ఊళ్లె ఉంటరు. రాళ్లు మంటను ఆపుతయి, ఎగిరే నిప్పురవ్వను ఆపవు.

అనుమతి ఉన్న చోట, పొలం గట్టు మీదనో, రిసార్టు ఆవరణల్నో తప్పకుంట నెగడు పెట్టాల్సి వస్తే ఇట్ల. మధ్య నుంచి అన్ని దిక్కుల పది అడుగులు ఆకు, గడ్డి, పేడ గీకి ఉత్త మన్ను కనపడాలె. పేడ మరువకండి, ఎండిన పేడ ఊదుబత్తిలెక్క గంటలకొద్ది కాలుతది. పైన కొమ్మ ఉండొద్దు. కట్టె మణికట్టు కన్న లావుది వద్దు, లావు దుంగ పొద్దటికి ఆరదు. పక్కనే పది లీటర్ల నీళ్లు, ఒక పార. ఆర్పేటప్పుడు నీళ్లు పోసి కలపాలె, మళ్ల పోసి మళ్ల కలపాలె, చుట్టూ రాళ్లను తిరగేసి వాటి అడుగున కూడ పొయ్యాలె. ఆఖరికి చెయ్యి వెనక దిక్కు బూడిద దగ్గర పెట్టి చూడండి. వెచ్చగ ఉంటే ఆరనట్టే. నీళ్లు చాలినన్ని లేకుంటే నెగడు అసలే వద్దు.

పెట్టాల్నా వద్దా అని అనుమానం ఉంటే నేల మీది మోదుగాకో, తునికాకో పిడికిట్ల నలపండి. మెత్తగ మడత పడితే తేమ ఉన్నట్టు. పొడి పొడి అయితే అగ్గిపెట్టె సంచిల్నే ఉండనియ్యండి. ఫిబ్రవరి ఆఖరుకు మన దిక్కు మధ్యాహ్నం పూట పొడి కాని ఆకు దొరకదు.

బండరాయి: పన్నెండు మందికి గ్యాస్ లెక్క చెప్త. గాలి లేని చోట లీటరు నీళ్లు మరగాలంటే పది నుంచి పదిహేను గ్రాముల గ్యాస్. మనిషికి 150 మిల్లీలీటర్ల చాయ్ అంటే లీటరు ఎనిమిది వందలు, ఒక్కసారికి పాతిక గ్రాములు అనుకోండి. 230 గ్రాముల క్యాన్ ఒకటి చాయ్‌లకు సరిపోతది, వంటకు మాత్రం చాలదు. అందుకే అన్నం, కూర జోలికి పోకండి. జొన్నరొట్టె, పల్లీల పొడి, పులిహోర, అటుకులు పట్టుకపోతే మంట పనే సగం తగ్గుతది.

తప్పులు జరిగేది రెండు చోట్ల. గాలి ఆపేటందుకు రేకును స్టవ్ చుట్టూ పూర్తిగ చుడతరు. వేడి బయటికి పోక క్యాన్ కాగి పేలుతది. గాలి వచ్చే దిక్కు ఒక్కటే మూయాలె, క్యాన్‌ను తాకి చూస్తుండాలె, వెచ్చబడితే ఆర్పెయ్యాలె. రెండోది, పక్కన క్యాన్ పెట్టే పెట్టె స్టవ్‌ల మీద పెద్ద గంజు. గంజు అంచు క్యాన్ మీదికి వచ్చిందంటే వేడి అంతా కిందికి దాని మీదనే కొడతది. బర్నర్ కన్న కొంచెం వెడల్పు గిన్నెలే వాడండి. స్టవ్ బోసి బండ మీద పెట్టొచ్చు, దాని మంట బండను కాల్చదు. గడ్డి మీద మాత్రం వద్దు, ఒరిగితే ఒక్క క్షణం చాలు.

చుక్కలపటం: రెండో ప్రశ్నకు జవాబు. ఉపగ్రహాలు పసిగట్టిన మంటలను చుక్కలుగా చూపే నాసా ఫర్మ్స్ పటం ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. విఐఐఆర్ఎస్, మోడిస్ అనేవి ఆ ఉపగ్రహాల మీద వేడిని పసిగట్టే పరికరాలు. అందులో విఐఐఆర్ఎస్ చుక్క అంటే 375 మీటర్ల గడి, మోడిస్ చుక్క అంటే కిలోమీటరు గడి. మంట ఆ గడిలో ఎక్కడో ఉంది అని మాత్రమే అర్థం, చుక్క ఉన్న చోటే ఉందని కాదు. ఉపగ్రహం దాటిన మూడు గంటలలోపు చుక్క పటం మీదికి వస్తుంది. విఐఐఆర్ఎస్ ఉన్నవి మన మీదుగా మధ్యాహ్నం ఒకటిన్నర, అర్ధరాత్రి ఒకటిన్నర ప్రాంతంలో పోతాయి. అంటే సాయంత్రం నాలుగింటికి అంటుకున్నది రాత్రిదాకా కనపడదు. దట్టమైన కొమ్మల కింద నేలబారుగా పాకే చిన్న మంట అసలు కనపడకపోవచ్చు కూడా. చుక్క లేదు కాబట్టి మంట లేదు అనుకోవద్దు.

తలకిందుల పొరపాటు కూడా ఉంది. యాసంగి కోతలు అయ్యాక ఏప్రిల్, మే నెలల్లో మిర్యాలగూడ, హాలియా వైపు ఆయకట్టంతా చుక్కలతో ఎర్రబడుతుంది. అది వరి కొయ్యకాళ్లు కాల్చడం. పటాన్ని ఉపగ్రహ చిత్రం మీద పెట్టి, చుక్క గుట్ట మీద ఉందా మడిలో ఉందా చూసుకోండి. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా కూడా ఇవే ఉపగ్రహాల నుంచి హెచ్చరికలు పంపుతుంది, నమోదు చేసుకుంటే ఫోన్‌కే వస్తాయి. వీటన్నిటికంటే నమ్మకమైనది చెక్‌పోస్ట్ దగ్గర ఫైర్ వాచర్. వాళ్లలో చెంచులు చాలామంది, ఏ లొద్దిలో (సన్నని లోయలో) పొగ లేచిందో వాళ్లకు ముందే తెలుస్తుంది. ఒక్క మాట, తెల్లవారుజామున పొగ బరువుగా లోయల్లోకి దిగి నిలుస్తుంది. పొగ ఉన్న చోటే మంట ఉందని ఆ వేళ లెక్కేయకండి.

గుట్టబాట: మంచి మాట చెప్పిండ్రు. మరి మంట ఎదురైతే? ఎదురు మంట పెట్టి ఆపొచ్చని ఒక వీడియోల చూసిన.

తునికాకు: వద్దు తమ్మీ, ఆ పని కలల కూడ చెయ్యకు. ఎదురు మంటకు గాలి తెల్వాలె, వెనక ఆకు తీసిన గీత ఉండాలె, గీత పొడుగూత మనుషులు ఉండాలె. అవి లేకుంటే ఒక మంట రెండు అయితది, మధ్యల మీరుంటరు.

చెయ్యాల్సింది పోవుడు. ఎటు అన్నదే అసలు సంగతి. మంట పైకి ఉరుకుతది. వాలు ప్రతి పది డిగ్రీలు పెరిగితే దాని వేగం దాదాపు రెట్టింపు. ఇరవై డిగ్రీల వాలు మీద చదును మీదకన్న నాలుగింతలు. కాబట్టి మంట కింద ఉంటే మీదికి ఎక్కకండి, మీ పరుగు దానికి చాలదు. పక్కకు తప్పుకొని కిందికి దిగాలె, గాలికి అడ్డంగ. రెండు గుట్టల నడిమి సన్నని లొద్దిల, కనుమల దూరకండి, అవి పొగగొట్టం లెక్క వేడిని లాగుతయి. వెడల్పు ఇసుక వాగు వేరు, అది మంచి చోటే. దేవరకొండ, రాచకొండల గడ్డి లేని పెద్ద బోసి బండ మన అదృష్టం, దాని నడిమికి పోయి కూసోండి. అప్పటికే కాలి ఆరిన నల్లనేల కూడ పనికొస్తది, రెండోసారి కాలేటందుకు అక్కడ ఏం మిగలదు.

ఒంటి మీద నూలు బట్టలుండాలె. పాలిస్టర్ ట్రాక్ ప్యాంటు కరిగి తోలుకు అంటుకుంటది. ముక్కుకు పొడి నూలు తువ్వాల కట్టుకోండి. తడి గుడ్డ అంటరు చాలామంది, పెద్ద వేడిల ఆ తడి ఆవిరై గొంతు కాలుతది. పన్నెండు మందిల ముందొకరు, వెనకొకరు, మధ్యలోళ్లను లెక్కపెట్టుకుంట నడవాలె. ఫోన్ సిగ్నల్ దొరికిన మొదటి చోట 112కు చేసి, దగ్గరి గుడి పేరో, కుంట పేరో, కిలోమీటరు రాయి నంబరో చెప్పండి. ‘గుట్ట మీద’ అంటే ఎవరూ రాలేరు.

వాగు ఒడ్డు: మనిషెత్తు లేని గడ్డి మంటను పచ్చి కొమ్మలతోని కొట్టి ఆర్పొచ్చు కదా?

తునికాకు: మోకాలి కింది ఎత్తు ఉండి, గాలి లేక, ఒక్క చోటనే ఉంటే సరే. అప్పుడు కూడ కొమ్మను ఎత్తెత్తి కొట్టొద్దు, రవ్వలు లేస్తయి. నేలకు అదిమి, కాలిన దిక్కుకు ఊడ్చినట్టు లాగాలె. శాఖోళ్లు బ్లోయర్లు (ఆకును గాలితో ఊదే యంత్రాలు) వాడేది ఆకు లేని బాట చేసి, మంట అక్కడికొచ్చి దానంతటదే ఆగేటందుకు. అంతకు మించిన మంటను వాళ్లకే వదలండి.

సీతాఫలం వనం: కాలినంక బాట ఎట్లుంటదో ఎవరూ చెప్పలే. మహబూబ్‌నగర్ దిక్కు గుట్టలల్ల, కోయిలకొండ కోట మెట్ల దగ్గర కూడ, ఈ నాలుగు చూడండి. మొదటిది బూడిద గుంట: మోడు, దాని వేర్లు లోపల కాలి నేల డొల్ల అయితది, పైన తెల్ల బూడిద చదునుగ కప్పి ఉంటది. కాలు పెడితే మోకాలిదాక దిగుతది, కింద నిప్పు ఇంకా ఉండొచ్చు. కట్టెతో పొడిచి నడవాలె, బూట్లు మడమ పైదాక ఉండాలె. రెండోది మొదలు కాలిన చెట్టు: గాలి లేకున్నా పడతది, దాని కింద ఆగొద్దు, డేరా అసలే వద్దు. మూడోది, గడ్డి వేర్లు పట్టుకున్న రాళ్లు వదులయితయి, మీదోళ్లు దొర్లిస్తే కిందోళ్ల మీద పడతయి. వరుసగ కాకుంట ఏటవాలుగ ఎడంగ నడవండి. నాలుగోది నీళ్లు: తొలకరి వానకు బూడిద అంతా కుంటల్లకు దిగుతది, ఫిల్టర్ లీటరుకే మూసుకపోతది. నీళ్లు ఊరి నుంచే మోసుకపోవాలె, ఎండలల్ల మనిషికి రోజుకు నాలుగు లీటర్లు.

సీతాఫలం, ఈత మళ్ల చిగురిస్తయి, మొదలు గట్టివి. కాని ఆ యేడు పూత పోయినట్టే, గుట్ట కాయలు అమ్ముకునేటోళ్ల సంపాదన గాయబ్. నేల మీద గూడు పెట్టే కౌజులు, పూరేళ్లు గుడ్లు పోగొట్టుకుంటయి. చిన్న మొక్కలు ప్రతియేడు కాలితే చెట్టయ్యే దాక బతకవు, ఆ జాగల లంటానా అనే కలుపు పొద, బోద లేస్తది, అది ఇంకా బాగ కాలుతది. కాలిన చోట వానాకాలం దాటే దాక కొత్త అడ్డదారి తొక్కొద్దు, ఆ అడుగుజాడే వానకు కాల్వ అయితది.

గుట్టబాట: అట్లయితే మార్చిన. రాచకొండ పొద్దున ఎక్కి పదకొండుకు దిగుడు. దేవరకొండ పగలు మాత్రమే, రాత్రి ఊళ్లె లాడ్జి. కట్టెలు, నెగడు లేవు, స్టవ్ ఒకటి, క్యాన్లు రెండు. మన్ననూరుల చెక్‌పోస్ట్ దగ్గర అడిగి, పొగ ఉందంటే మల్లెలతీర్థం వదిలి ఉమామహేశ్వరం. క్యాన్లు కార్ల డిక్కిల పెడత.

బండరాయి: డిక్కిల కాదు. ఎండకు ఆపిన కారు లోపల 50 డిగ్రీలు దాటుతది, క్యాన్ మీద రాసి ఉండే హద్దు అదే. దిగినప్పుడు తడి గుడ్డ చుట్టి నీడకు తీసుకపోండి, మర తిప్పి స్టవ్ నుంచి విడదీసి, మూత పెట్టి.